పిట్టల వాక్యం

గుండెల మీద కుంపటి అంటారు. కుంపటైతే కొన్నాళ్లకైనా ఆరాలి కదా. నాది ఆరలేదు. కరోనా వచ్చిన మరుసటి ఏడాది నుంచి ఇవాళ్టి దాకా ఒక మాటను మోస్తున్నాను. నేను చెప్పిన మాటే. దేవుడి పేరు పెట్టి, దేవుడు చెప్పని మాటను, నన్ను నమ్మిన ఒక ముసలిదానికి చదివి వినిపించాను. ఆ మాట కింద నలిగి ఆమె చచ్చిపోయింది. నేను మాత్రం బాగానే ఉన్నాను. తింటున్నాను, పడుకుంటున్నాను. నిద్ర పట్టడం లేదని రాసి మీ జాలి తీసుకోను. పడుతోంది.

నా పేరు చెప్పను. అనకాపల్లిలో ఒక చిన్న సంఘానికి పాస్టరు గారి భార్యని. అందరూ అమ్మగారూ అంటారు. నా భర్తను అయ్యగారూ అంటారు, నేనూ అలాగే అంటాను. ఇలాంటివి ఒప్పుకోవాలంటే మోకాళ్ల మీద దేవుడితో చెప్పుకోవచ్చు కదా అని మీరనవచ్చు. అన్నీ తెలిసినవాడికి చెప్పడానికి ఏం ధైర్యం కావాలి? తెలియనివాళ్లకు చెప్పాలి. అందుకే మీకు చెబుతున్నాను. మీకు నా మొహం తెలియదు, రేపు ఆదివారం నా ముందు కూర్చోరు.

మాది జీతమిచ్చే పెద్ద సంఘం కాదు. అలాంటి చోట్ల పాస్టర్లకు నెలనెలా జీతం, రిటైరైతే పెన్షను, ఉన్నన్నాళ్లూ ఇల్లు. మాది బెల్లం మార్కెట్ వెనక రేకుల షెడ్డు. అయ్యగారు సొంతంగా మొదలుపెట్టింది. ఆదివారం కానుక సంచిలో ఏం పడితే అదే జీతం. ఇక బియ్యమంటారా, సంఘంలో ఆడవాళ్లు వంటకు బియ్యం తీసినప్పుడల్లా దేవుడి పేరున ఒక పిడికెడు వేరే డబ్బాలో వేసి, నెలకోసారి తెచ్చి ఇస్తారు. ఏ ఇంటి బియ్యం ఆ ఇంటిది. అన్నీ కలిపి వండితే అన్నం ఒకవైపు పలుకు, ఒకవైపు ముద్ద. పెళ్లయిన నాటి నుంచి నేను తిన్నది ఆ అన్నమే. అయ్యగారికి అందులో దేవుడి ప్రేమ కనిపించేది. నాకు పలుకే కనిపించేది.

మా మామగారు కూడా సేవకుడే. సైకిలు మీద ఊరూరా తిరిగి బైబిలు వాక్యం చెప్పారు. చివరికి అద్దె ఇంట్లో పోయారు. శవాన్ని లోపల ఉంచడానికి ఇంటివాళ్లు ఒప్పుకోలేదు. వీధిలో బల్ల వేసి పడుకోబెట్టాం. ఎండ ఆయన మొహం మీద పడుతుంటే నా కొంగు అడ్డం పట్టుకుని నిలబడ్డాను. చేతులు లాగేశాయి. అప్పుడే అనుకున్నాను, మా అయ్యగారి శవం ఇలా వీధిలో పడకూడదని. నాకు ఒక ఇల్లు కావాలి. ఎవరూ బయటికి పొమ్మనలేని ఇల్లు. నా వార్ధక్యానికి నేను వేసుకున్న ప్లానింగు అంతే, అంతకంటే పెద్ద ఆశ ఎప్పుడూ లేదు.

అయ్యగారితో అంటే నవ్వేవారు. సంఘంలో ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు ఉండేవాడు. ఓసారి కాగితాలు పట్టుకుని వస్తే, "నా పాలసీ పైనుంది బాబూ, ప్రీమియం సిలువ మీద ఎప్పుడో కట్టేశారు" అన్నారు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు, ఆమేన్ అన్నారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం, ఈ మనిషి ముందు పోతే నా గతేంటి అనుకున్నాను. అయ్యగారు దొంగ కాదు. చెప్పిన దాన్ని నమ్మే మనిషి. దొంగ కాని భర్తతో బతకడం ఎంత కష్టమో ఎవరికి చెప్పుకోను?

ఇక సంతోషమ్మ.

ఊళ్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయాగా పనిచేసేది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. చదువు లేదు. మనిషి మంచిదే కానీ నాకు పడేది కాదు. పాటలో అందరికంటే పెద్ద గొంతు, అందరికంటే వెనక తాళం. సాక్ష్యం చెప్పడానికి లేచిందంటే కూర్చోదు. బస్సు దొరకడం దగ్గర నుంచి పాలు విరగకపోవడం దాకా అన్నీ "నా దేవుడు" చేసినవే. "మన దేవుడు" అనేది కాదు, "నా దేవుడు". ఆయనేదో ఆమె పక్కింట్లో కాపురం ఉంటున్నట్టు. నేను ఇంటర్ చదివాను, వాక్యం సగం నోటికి వచ్చు. నాకు ఎప్పుడూ ఏమీ చెప్పని దేవుడు ఈ ఆయాతో పొద్దస్తమానం ఏం మాట్లాడతాడు?

లాక్‌డౌన్‌లో సంఘం మూతపడింది. కానుకల్లేవు, పిడికెడు బియ్యం లేవు. ఎవరి ఇల్లు వాళ్లకే బరువు. అప్పుడు మా గుమ్మంలో బియ్యం సంచి దింపింది సంతోషమ్మే. ఆసుపత్రి మనిషి కాబట్టి ఆమెను పోలీసులు ఆపేవారు కాదు. సంచి దింపి, మాస్కు కిందికి లాగి, "తినండమ్మగారూ, నాకుంది" అనేది. నెలల తరబడి ఆమె బియ్యం తిన్నాం. అయ్యగారు ఆమె కోసం కన్నీళ్లతో ప్రార్థన చేసేవారు. నాకు ఆ సంచి చూస్తే ఒళ్లు మండేది. మాకు పెట్టిన చేతిని క్షమించలేకపోయాను. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం అంటారే, అది నేను ఆ రోజుల్లోనే మొదలుపెట్టాను.

ఆ మరుసటి ఏడు ఆమె రిటైరైంది. అన్నాళ్ల చాకిరీకి ఆసుపత్రి వాళ్లు ఒకేసారి డబ్బిచ్చారు. ఎంతో చెప్పను. చెబితే, ఇంతకేనా అంటారు. దేవుడి సేవకుడికి లేని రిటైర్‌మెంటు బెడ్‌పాన్లు కడిగే మనిషికి ఉందే అని నాకు కడుపు రగిలింది. ఇంతకంటే మర్యాదగా రాయవచ్చు కానీ నిజం ఇదే.

ఇక్కడ మా వాళ్ల అలవాటు ఒకటి చెప్పాలి. మా ఇళ్లలో వాగ్దానాల డబ్బా అని ఉంటుంది. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో రంగు కార్డులు నిలబెట్టి ఉంటాయి, ఒక్కో కార్డు మీద ఒక్కో వాక్యం. ప్రార్థన అయ్యాక వచ్చినవాళ్లు కళ్లు మూసుకుని ఒకటి తీస్తారు. వచ్చిన వాక్యమే దేవుడు ఆ పూట వాళ్లతో అన్న మాట. సంబంధం కుదుర్చుకోవాలన్నా, ఆపరేషన్‌కి ఒప్పుకోవాలన్నా, స్థలానికి అడ్వాన్సు ఇవ్వాలన్నా మా వాళ్లు ముందు ఆ డబ్బా దగ్గరికే వస్తారు. అయ్యగారు ఎన్నోసార్లు చెప్పారు, వాక్యాన్ని సోదిలా వాడకూడదని. ఎవరు వింటారు? చదువు రానివాళ్లు కార్డు తీసి నా చేతికిచ్చేవారు. నేను చదివేదాన్ని. నా నోట్లోంచి వచ్చిందే దేవుడి మాట.

ఆ మధ్యాహ్నం అయ్యగారు మాడుగులలో సువార్త కూటాలకు వెళ్లి ఉన్నారు. నేను గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. సంతోషమ్మ వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. ఆసుపత్రి వాళ్లు వీడ్కోలుకి పెట్టిందట.

"అమ్మగారూ, ఆఫీసోలు లెక్క సెటిల్ సేసేసేరండి. పోస్టాఫీసులో ఏసుకోమన్నాడు అక్కడి బాబు. నెలనెలా వడ్డీ వత్తాదంట, అద్దెకీ మందులకీ సరిపోతాదంట. నాకేటి తెల్సండి? నా దేవుడేటంటాడో అడుగుదావని వచ్చేను."

ప్రార్థన చేశాను. డబ్బా ముందుకు జరిపాను. ఆమె కళ్లు గట్టిగా మూసుకుని, పెదాలతో ఏదో అనుకుని, ఒక కార్డు తీసి నాకు ఇచ్చింది.

చీమ వాక్యం వచ్చింది. చీమను చూసి బుద్ధి తెచ్చుకోమని, పైన అధికారి లేకపోయినా అది పంట రోజుల్లో తన తిండి కూర్చుకుంటుందని చెప్పే వాక్యం. డబ్బాలో అన్ని కార్డులున్నాయి. ప్రేమ గురించి, శాంతి గురించి, స్వస్థత గురించి. ఆమె అడిగిన ప్రశ్నకు ఇంత సూటి జవాబు ఉన్న కార్డు అదొక్కటే. అదే ఆమె చేతికి వచ్చింది. నిజంగానే ఆయన దీనితో మాట్లాడతాడన్నమాట అనుకున్నాను. నాకు భయం వేయాలి కదా? అసూయ వేసింది.

"ఏటన్నాడమ్మగారూ?"

కార్డు వంక చూస్తూ, చదువుతున్న గొంతుతో, నాకు నోటికొచ్చిన వేరే వాక్యం చెప్పాను. ఆకాశంలో పిట్టల్ని చూడమని, వాటికి గాదెలూ కొట్లూ లేవని, అయినా పైవాడు మేపుతున్నాడని.

ఆమె మొహం విచ్చుకుంది. "పిట్టా? నన్ను పిట్టంటన్నాడా అమ్మగారూ?" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది. "అయితే పోస్టాఫీసొద్దంటన్నాడా?"

"నేననడం లేదు. వాక్యం అంటోంది. పిట్టకి పాస్‌బుక్కుంటుందా సంతోషమ్మా?"

"మరి ఈ డబ్బులేటి సెయ్యమంటాడండి?"

"దేవుడి పనిలో విత్తమంటాడు. విత్తినవాళ్లకే కోత."

చాటలో బియ్యం వంక చూస్తూ, చిన్న గొంతుతో అడిగింది. "రేపు మంచాన పడితేనండి? నాకెవురున్నారు?"

అక్కడ ఆగిపోవచ్చు. ఆమే దారి చూపించింది. పోనీలే, సగం దాచుకో అంటే సరిపోయేది. నేనేమన్నానో తెలుసా? "పిట్టలకున్నపాటి నమ్మకం కూడా లేదా నీకు?" అన్నాను.

ఆమె తల దించుకుంది. సిగ్గుపడింది. నా ముందు, తన దేవుడి ముందు. "ఉందండి. నాకు నేకపోతే ఇంకెవురికుంటాది" అంది.

కార్డు ఆమె చేతికివ్వలేదు. డబ్బాలో మిగతా వాటి మధ్య దూర్చేశాను. రెండు రోజుల తర్వాత కూరల సంచిలో, పైన తోటకూర కట్టలు కప్పి, డబ్బు తెచ్చి ఇచ్చింది. కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని దేవుడే అన్నాడు, ఎవరితోనూ అనకు, అయ్యగారితో కూడా అనకు అన్నాను. ఆ వాక్యమూ నాకు నోటికి వచ్చు కదా. ఆమె చచ్చేదాకా ఎవరితోనూ అనలేదు. మా సంఘంలో ఆ ఆజ్ఞను అంత నిక్కచ్చిగా పాటించినవాళ్లు ఇంకొకరు లేరు.

కూటాల నుంచి వచ్చిన రోజు అయ్యగారు మాడుగుల హల్వా తెచ్చారు. అది చేదుగా తగిలిందని రాస్తే బాగుంటుంది. తియ్యగానే ఉంది.

కశింకోట వైపు, షేర్ ఆటో దిగి కాస్త నడిస్తే వచ్చే వీధిలో రెండు గదుల పాత ఇల్లు కొన్నాను. వెనక ఒక రేకుల చావడి. మా అమ్మ బంగారం అమ్మానని, ఎన్నాళ్లుగానో ఆయనకు తెలియకుండా చీటీపాట కట్టానని అయ్యగారికి చెప్పాను. బంగారం మాట కొంత నిజం. ఆయన నమ్మారు. ఆయన్ని నమ్మించడం ఎంత తేలికంటే, అందులో నాకు గర్వం కూడా కలగలేదు. ఆ ఆదివారం షెడ్డులో నిలబడి, దేవుడు మాకు నీడ ఇచ్చాడని సాక్ష్యం చెప్పారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది సంతోషమ్మ. తాళం తప్పే కొట్టింది. ఆమెకు అనుమానం రాలేదా అని మీరడుగుతారు. రాలేదు. వచ్చి ఉంటే, నన్ను నిలదీసి ఉంటే, నేను కూడా ఎదురు తిరిగి ఉండేదాన్ని. ఇద్దరం సమానంగా ఉండేవాళ్లం.

చీమ వాక్యం నేను ఉంచుకున్నాను. పిట్టల వాక్యం ఆమెకిచ్చాను. రెండూ ఆయన మాటలే, రెండూ నిజాలే. దాచుకోమనీ చెప్పాడు, దిగులు పడొద్దనీ చెప్పాడు. ఎవరికి ఎప్పుడు ఏది కావాలో ఆయనకు తెలుసు. ఆ మధ్యాహ్నం సరిగ్గానే పంచాడు. మధ్యలో తారుమారు చేసింది నేను.

పిట్ట ఎన్నాళ్లు ఎగురుతుంది? కొన్నాళ్లు ఇళ్లలో అంట్లు తోమింది. మోకాళ్లు అరిగిపోయాయి. తర్వాత బెల్లం మార్కెట్‌లో ఊడ్చే పనికి వెళ్లింది. దుమ్ముకి దగ్గు పట్టుకుంది. అద్దె కట్టలేక గది ఖాళీ చేసి, ట్రంకు పెట్టె పక్కన పెట్టుకుని మా గుమ్మంలో కూర్చుంది. "నా దేవుడు ఈడికి తెచ్చేడమ్మగారూ" అంది. అయ్యగారు నా వంక చూశారు. వెనక చావడి చూపించాను.

సంఘమంతా నన్ను పొగిడింది. అనాథ ముసలిదాన్ని చేరదీసిన తల్లి అన్నారు. పండక్కి నాకు చీర పెట్టారు. కట్టుకున్నాను.

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు. ఆమె చేత ఇల్లు తుడిపించాను. ఆ గచ్చు ఆమె డబ్బుతో వచ్చిందని నాకు తెలుసు, నీళ్లు ఎక్కువ పోస్తోందని ఆమెను కసిరాను. ఆమె కంచం వేరుగా పెట్టాను. వచ్చినవాళ్ల ముందు కుర్చీలో కూర్చోవద్దన్నాను. పాట పాడుకుంటే, గొంతు తగ్గించు తలనొప్పిగా ఉందన్నాను. అయ్యగారు వినే చోట మాత్రం "తిన్నావా సంతోషమ్మా" అని అడిగేదాన్ని. ఎందుకంత కక్ష? ఆమె నాకేం చేసింది? నేను చేసింది ఆమె మొహంలో రోజూ కనిపించేది, అందుకు ఆ మొహాన్ని శిక్షించాను. ఇది ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు కేవలం చిరాకే అనుకున్నాను.

రోజూ పొద్దున కుటుంబ ప్రార్థనకు ఆమెనీ పిలిచేవారు అయ్యగారు. చివర్న ముగ్గురం తలో కార్డు తీసేవాళ్లం. ఒక పొద్దున ఆమె తీసి నాకిచ్చింది. చీమ.

అయ్యగారు నా పక్కనే ఉన్నారు. కార్డు మీదికి వంగి చూస్తున్నారు. ఇక తప్పదు. ఉన్నది ఉన్నట్టు చదివాను.

సంతోషమ్మ ముందు నవ్వింది. "ఇదేటండిది? గింజలున్నప్పుడు పిట్టన్నాడు. గింజలయిపోయేక సీమంటన్నాడు." అయ్యగారు కూడా నవ్వి, చీమ గురించి రెండు మంచి మాటలు చెప్పారు. ఆమె నవ్వు మధ్యలో ఆగిపోయింది. నేను చూశాను. డబ్బా వంక అలాగే చూస్తూ కూర్చుంది. తనతో ఇన్నాళ్లూ కాపురం చేసినవాడు తనను మోసం చేశాడేమోనని మొదటిసారి తోచిన ఆడదాని మొహం అది.

ఆ రోజు నుంచి పాడలేదు. నాకు ఇల్లు ప్రశాంతంగా ఉంది. "నా దేవుడు" అనడం మానేసింది. పిలిస్తే ప్రార్థనకు వచ్చేది, కార్డు మాత్రం తీసేది కాదు. అయ్యగారు అడిగితే, "నాకెందుకండి, మీరు తీసుకోండి" అనేది. దగ్గు ఎక్కువైంది. పెద్దాసుపత్రిలో చూపించాం, మందులిచ్చారు. తగ్గలేదు.

చివరి రోజుల్లో ఓ పగలు గంజి తీసుకుని చావడిలోకి వెళ్లాను. గోడవైపు తిరిగి పడుకుంది. నా అడుగులు విని, తిరగకుండానే అంది.

"అమ్మగారూ, నా దేవుడు నన్ను ఆటాడించేడండి. నమ్మేను కదా అని సూసి ఆటాడించేడు. దాసుకోమని ఆనాడే సెప్పుంటే దాసుకుందును కదా. ఆయనకేటి పోయింది?"

ఒక్క మాట చాలు. ఆయన చెప్పాడు, నేను మార్చాను అంటే చాలు. ఆమె డబ్బు తిరిగి రాదు, ఒంట్లో బలం రాదు, కానీ ఆమె దేవుడు ఆమెకు తిరిగి వచ్చేవాడు. నా నోట్లో ఆ మాట ఉంది. పళ్ల దాకా వచ్చింది. గంజి గిన్నె కింద పెట్టి నేనేం చేశానో రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను. ఇంతసేపూ దాని చుట్టూ తిరిగాను.

కోప్పడ్డాను. దేవదూషణ చేస్తున్నావు అన్నాను. చావు మంచం మీద కూడా బుద్ధి రాలేదా, నరకానికి పోతావు అన్నాను. లేపి కూర్చోబెట్టాను. మోకరించు, క్షమాపణ అడుగు అన్నాను. ఆ మోకాళ్ల మీద. ఆమె గోడ పట్టుకుని దిగింది. ఒక మోకాలు ముందు ఆనింది, రెండోది ఆనుతుంటే నోటితో గాలి పీల్చింది. చేతులు జోడించి, నా వంక కాకుండా గోడ వంక చూసి, "తప్పయిపోనాది. నీ తప్పేటీ నేదు. నాదే తప్పు" అంది.

నేను ఆమేన్ అన్నాను.

లేపడానికి చెయ్యిచ్చాను. పట్టుకోలేదు. తనే పాక్కుంటూ చాప మీదికి వెళ్లింది. గంజి అలాగే ఉండిపోయింది. తర్వాత నాతో ఒక్క మాట మాట్లాడలేదు, దేవుడితోనూ మాట్లాడినట్టు నాకు కనిపించలేదు. కొద్ది రోజులకే పోయింది. అయ్యగారు తల దగ్గర కూర్చుని, ప్రభువు పేరు ఒక్కసారి తలుచుకో సంతోషమ్మా అని బతిమాలారు. ఆమె పెదాలు బిగించుకుంది.

శవాన్ని ముందు గదిలో ఉంచుదామన్నారు అయ్యగారు. వీధిలో అయితే వచ్చినవాళ్లకు చూడటానికి వీలుగా ఉంటుందన్నాను. బల్ల వేయించాను. ఎండ ఆమె మొహం మీద పడింది. నేను అరుగు మీద, నీడలో నిలబడ్డాను. కొంగు అడ్డం పట్టడానికి ఎవరూ లేరు. సమాధుల తోటకు తీసుకెళ్లే ముందు నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. విశ్వాసంలో గొప్ప తల్లి అని చెప్పాను. ఏడ్చాను కూడా. ఆ ఏడుపు నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

అయ్యగారు ఇప్పుడు నీరసించారు. ఆమె అలా పోవడం ఆయన్ని వదల్లేదు. "నా బోధలో ఎక్కడో లోపం ఉంది, లేకపోతే అంత నమ్మిన మనిషి అలా ముడుచుకుపోతుందా?" అని ఒకటికి పదిసార్లు అడిగారు. వయసు మీద పడితే అంతే, చాదస్తం అన్నాను. ఆయన తల ఊపారు కానీ, ప్రసంగం మధ్యలో ఆగిపోతున్నారు. రేపటి గురించి దిగులు పడొద్దని ఇదివరకులా చెప్పలేకపోతున్నారు. ఆయనకు నిజం చెప్పి ఆ బరువు దించవచ్చు. చెప్పను. చెబితే ఈ ఇంట్లో ఒక్క పూట ఉండరు. నన్నూ ఉండనివ్వరు. ఇల్లు పోతుంది. ఇంత రాశాక కూడా నాకు ఇల్లే కావాలి. చూశారు కదా, నేను మారలేదు.

నా వార్ధక్యానికి లోటు లేదు. మా శవాలను ఎవరూ వీధిలో పెట్టరు. నేను అనుకున్నదంతా అనుకున్నట్టే జరిగింది.

డబ్బా ఇంకా అల్మారా మీదే ఉంది. జనం వస్తారు, తీస్తారు, నాకు ఇస్తారు. ఉన్నది ఉన్నట్టే చదువుతున్నాను. చీమ కార్డు ఎవరికీ రాకుండా తీసి పారేద్దామనుకున్నాను, చేతులు రాలేదు. సమాధి దగ్గర చెబుదామని ఓసారి వెళ్లాను. అక్కడా నోరు పెగల్లేదు. క్షమించమని అడగను. అడగడానికి ఆమె లేదు, మీకు క్షమించే హక్కు లేదు. చావడిలో ఆ రోజు పళ్ల దాకా వచ్చి ఆగిపోయిన మాట ఒకటి ఉంది, అదొక్కటి బయటికి రావాలి. ఎవరి చెవిన పడినా ఫర్వాలేదు.

సంతోషమ్మా, ఆ రోజు నీకు వచ్చింది చీమ. నీ దేవుడు నీకు సరిగ్గానే చెప్పాడు. చదివింది నేను.